గీత పడని పింగాణీ

మేకు తీసుకుని వాష్‌బేసిన్ మీద గట్టిగా గీయమని దయామణి అడిగితే ప్రదర్శన చూడ్డానికొచ్చిన బిల్డరు నవ్వాడు.

"కొత్త సరుకు మీద గీతలు పెట్టమంటారేంటండీ?"

ఆమె మేకు అతని చేతిలో పెట్టింది. అతను మొహమాటంగానే ఒక గీత గీశాడు. తెల్లటి నునుపు మీద బూడిదరంగు చార పడింది. దయామణి కుళాయి తిప్పింది. వేసవిలో గ్లాసు అడుగున తెల్లగా పేరుకునే రకం బోరు నీళ్లను ఇందుకోసమే ట్యాంకరుతో తెప్పించారు. ఆ నీళ్లు గీత మీదుగా పారుతుంటే చుట్టూ మూగినవాళ్లు మెడలు సాచి చూశారు. ముందు గీత రెండు కొసలూ మాయమయ్యాయి. తర్వాత నడుమ పలచబడింది. బిల్డరుకు ఇచ్చిన టీ చల్లారేలోపు అక్కడ ఏమీ లేదు. అతను వేలితో రాసి చూసుకుని, పక్కవాణ్ణి కూడా రాయమన్నాడు.

"బోరు నీళ్లలో సున్నం ఉంటుంది కదండీ" అంది దయామణి. "మామూలు బేసిన్ల మీద అదే మరకలు కడుతుంది. మా పూత ఆ సున్నాన్ని పట్టుకుని తనలో కలిపేసుకుంటుంది. ఎక్కడ అరిగితే అక్కడ మళ్లీ పెరుగుతుంది. గాయం మానినట్టు."

హైదరాబాదులో జరిగే వంటింటి, స్నానాలగది సామాన్ల ప్రదర్శనలో ఆ ఏడాది కొత్తవాటికి కొదవ లేదు. చెయ్యి ఊపితే వేడినీళ్లిచ్చే కుళాయిలు, పని కాగానే గోడలోకి ముడుచుకుపోయే సింకులు, మనిషి ఎత్తును బట్టి కిందికీ పైకీ జరిగే షవర్లు ఉన్నాయి. అయినా జనం నరహరి సిరామిక్స్ దుకాణం ముందే ఆగిపోయారు. ఏలూరు దగ్గరి ఆ చిన్న ఫ్యాక్టరీలో దయామణి కెమిస్టు. 'అక్షత' అనే ఈ పూత ఆమె చేతుల్లో పుట్టింది. ఎన్నో ఏళ్లు కొలిమి పక్కన నిలబడి, పగిలినవీ పొంగినవీ పారేసుకుంటూ, చివరికి సాధించింది. యజమాని నరహరి అన్నాళ్లూ ఆమెను ఒక్క మాట తొందరపెట్టలేదు. ఆ కృతజ్ఞత ఆమెకు ఉంది.

జనం పలచబడ్డాక సురేఖ అనే ఇంజినీరు వచ్చింది. జిల్లా కేంద్రంలో కొత్తగా కడుతున్న ప్రసూతి ఆస్పత్రి పని ఆమె చూస్తోంది.

"ఈ పూత మీద క్రిములు నిలుస్తయా మేడమ్?"

"నిలవవండీ. అంటుకోడానికి వచ్చినదాన్నల్లా ఈ పూత కప్పేస్తుంది. ఊపిరాడనివ్వదు."

"అయితే మా పసిపిల్లల వార్డుకు ఇదే కావాలె. రేపు మళ్ల వస్త, మాట్లాడుకుందాం."

నరహరి ఆమెను గుమ్మం దాకా సాగనంపి వచ్చి, "చూశావా అమ్మా" అన్నారు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

*

అక్షతను అందరికంటే ముందు వాడింది దయామణి ఇంట్లోనే. "నా ఇంట్లో పెట్టుకోలేనిది ఊళ్లోవాళ్లకి ఎలా ఇస్తాం?" అని ఆమె పట్టుబట్టి, వేసవి మొదట్లో వంటింటి సింకు, స్నానాలగది బేసిను బిగించుకుంది. డాబా మీది నీళ్ల ట్యాంకు లోపల కూడా అదే పూత వేయించింది. ఆమె భర్త డేవిడ్ రాజు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంట్లో వంట ఎక్కువగా ఆయనదే. సింకు తోమే పని తప్పిందని పొంగిపోయాడు.

ఆ రోజుల్లోనే దయామణి చెల్లెలు లీల పురిటికి వచ్చింది. తల్లి లేదు. లీల భర్త శామ్యూల్ రైల్వేలో గార్డు, కాజీపేటలో క్వార్టర్సు. అతను డ్యూటీకెక్కితే ఇంటికెప్పుడు వస్తాడో తెలియదు. "అమ్మ ఉంటే ఎక్కడికెళ్లేదానివో అక్కడికే వచ్చావనుకో" అని దయామణి చెల్లెల్ని తెచ్చుకుంది.

కడుపుతో ఉన్న లీలకు పెరుగన్నం తప్ప ఏదీ సయించేది కాదు. ఒక ఉదయం ఆమె గిన్నె మూత తీసి, "బావా, తోడు వెయ్యడం మర్చిపోయారా?" అని అడిగింది.

"వేశానే."

"పాలు పాలలాగే ఉన్నాయి."

మర్నాడూ అంతే. పక్కింటివాళ్ల దగ్గర తోడు తెచ్చి వేసినా అంతే. అదే తోడు, అవే పాలు పక్కింట్లో చక్కగా గట్టిపడ్డాయి. ఇడ్లీ పిండి పొంగడం మానేసింది. వండిన అన్నం బయట ఉంచితే చెమ్మగిల్లదు, వాసన రాదు. చెత్తబుట్ట కూడా వాసన రావడం లేదని డేవిడ్ రాజు ఆశ్చర్యపోయాడు.

"మన ఇంట్లో ఏదీ పాడవదు లీలా" అంది దయామణి నవ్వుతూ. "గిన్నెలు ఆ సింకులో కడుగుతున్నాం కదా, కాస్త పూత వాటికీ పట్టి ఉంటుంది. పెరుగు పక్కింటినుంచి తెచ్చుకుందాంలే."

ఆ పూత పలుకులు నీళ్లలోనూ తిరుగుతున్నాయని ఆమెకు తట్టకపోలేదు. కొలిచింది కూడా. చాలా తక్కువ ఉన్నాయి. అవి నిమ్మరసంలో కరిగిపోతాయి, కడుపులో రసం అంతకన్నా పులుపు. తనూ డేవిడ్ రాజూ వారాల తరబడి తాగుతున్నారు, ఏమీ కాలేదు. ఆమె లెక్కలో తప్పు లేదు, పెద్దవాళ్ల మట్టుకు.

లీలకు ఆడపిల్ల పుట్టింది. ఎస్తేరు అని పేరు పెట్టుకున్నారు. తల్లిపాలు చాలక పోతపాలు కలిపి పట్టేవాళ్లు. డేవిడ్ రాజు నీళ్లు కాచి, చల్లార్చి, వడకట్టి ఇచ్చేవాడు. మొదట పాప బాగానే తాగింది. తర్వాత తాగిన కాసేపటికే మళ్లీ ఆకలని ఏడ్చేది. దయామణి ప్రదర్శనకు బయలుదేరే రోజున లీల పాపను ఆమె ఒళ్లో పెట్టి, "తేలికైనట్టు లేదూ?" అంది.

"పుట్టిన కొత్తలో కాస్త తగ్గుతార్లే. నేనొచ్చేసరికి బొద్దుగా ఉంటుంది చూడు" అని దయామణి పాప అరికాలు ముద్దుపెట్టుకుంది.

*

ప్రదర్శన రెండో రోజు నరహరికి ఒక ఆలోచన వచ్చింది.

"నీళ్లు పోయడం నిన్న అందరూ చూశారమ్మా. ఇవాళ వంటింటి సింకు మీద పసుపు, నూనె, పాలు పోద్దాం. ఆడవాళ్లకి అది నచ్చుతుంది."

పసుపు జారిపోయింది. నూనె జారిపోయింది. చప్పట్లు కొట్టారు. ఒకామె ముందుకొచ్చి మేకుతో సింకు అడుగున అడ్డదిడ్డంగా గీతలు గీసింది. దయామణి గిన్నెడు పాలు పోసింది.

పాలు ఇంకా పూర్తిగా దిగనేలేదు, గీతలు పూడిపోయాయి. నీళ్లతో టీ చల్లారేంత సేపు పట్టేది, పాలతో నాలుగు గుక్కలు మింగేంత సేపు కూడా పట్టలేదు. పూడటమే కాదు, గీత ఉన్నచోట సన్నటి కట్టలా ఉబ్బింది. జనం "అబ్బ" అన్నారు. దయామణి ఆ కట్టమీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. పాలలో సున్నం బోరునీళ్లకంటే ఎన్నో రెట్లు. ఇన్నేళ్లలో ఎన్నో రకాల నీళ్లు పోసి చూసింది. పాలు పోయాలని ఒక్కసారి కూడా అనుకోలేదు.

అప్పుడే డేవిడ్ రాజు ఫోన్ చేశాడు.

"పాపని విజయవాడ తీసుకొచ్చేశాం. ఏలూరులో వీల్లేదన్నారు."

"ఏమైంది?"

"తాగిన పాలు తాగినట్టే దిగిపోతున్నాయి. ఒంటికి పట్టట్లేదు. గొట్టం లోపలికి పంపి చూశారు. పేగు గోడంతా తెల్లగా, నున్నగా ఉందట. డాక్టరమ్మ ఇలాంటిది ఎప్పుడూ చూళ్లేదంటోంది. మణీ, ఆవిడ ఏమందో తెలుసా? టీకప్పు లోపలి భాగంలా ఉందంది."

దుకాణం వెనక సామాన్లు పెట్టుకునే చిన్న గది ఉంది. దయామణి నరహరిని అక్కడికి పిలిచింది. ఆమె చెప్పేదంతా ఆయన అడ్డుపడకుండా విన్నారు.

"పసిపిల్లల కడుపులో పులుపు తక్కువండీ. మన కడుపులో కరిగిపోయేది వాళ్ల కడుపులో కరగట్లేదు. పాలు పట్టేకొద్దీ పెరుగుతోంది. దుకాణం మూసేయాలి. ఇప్పుడే."

"నువ్వు పూర్తిగా రుజువు చేశావా?"

"పాలల్లో ఎలా పెరిగిందో మీరూ చూశారు."

"సింకు మీద చూశాను. బిడ్డ పేగులో అదే జరిగిందని నువ్వనుకుంటున్నావు. నిజమే కావచ్చు. కాకపోతే?" ఆయన గొంతు పెంచలేదు. "బయట మన పేరు ఇవాళే పుట్టిందమ్మా. ఊళ్లో కొలిమి దగ్గర ఎంతమంది ఉన్నారో నీకు తెలుసు. ముందు నువ్వు పాప దగ్గరికి వెళ్లు. నా కారు తీసుకెళ్లు. వచ్చాక పరీక్షలు చేయిద్దాం, అప్పుడు మూయాలంటే మూసేద్దాం."

"ఈలోగా అమ్మినవి?"

ఆయన కారు తాళాలు తీసి ఆమె ముందున్న పెట్టె మీద పెట్టారు.

బయట సురేఖ కూర్చుని ఉంది. ఎవరో ఆమెకు కొబ్బరినీళ్లు ఇచ్చారు. దయామణి నేరుగా ఆమె ముందుకు వెళ్లి నిలబడింది.

"మీ వార్డులో ఇవి పెట్టకండి."

"అదేంది? నిన్న మీరే చెప్పిన్రు కద, క్రిములు నిలవయని."

"నిన్న నాకు తెలియదు. పసిపిల్లల కడుపులోకి వెళ్తే ఇది అక్కడ కూడా పెరుగుతుంది. మా చెల్లెలి కూతురు ఆస్పత్రిలో ఉంది." తర్వాత ఆమె మైకు అందుకుని, మూగి ఉన్నవాళ్లందరికీ అవే మాటలు చెప్పింది. పసిబిడ్డలున్న ఇంట్లో వీటిని పెట్టొద్దంది. రెండో మాట పూర్తయ్యేసరికి మైకు ఆగిపోయింది. అయినా గొంతెత్తి చెప్పింది. జనంలో ఎవరో, "పక్క కంపెనీవాళ్లు కొనేసి ఉంటారు" అన్నారు. ఇద్దరు సెక్యూరిటీవాళ్లు వచ్చి ఆమెకు చెరోపక్క నిలబడ్డారు.

సురేఖ కొబ్బరిబోండం కింద పెట్టి లేచింది. "పదండి మేడమ్, నా బండి ఉంది. బస్టాండుల దింపుత" అంది.

*

విజయవాడలో పిల్లల డాక్టరు పేరు ఇందిర. దయామణి చెప్పింది విన్నాక ఆమె ఒకటే అడిగింది.

"దేన్లో కరుగుతుంది?"

"నిమ్మఉప్పులో."

"ఎంత గాఢంలో?"

దయామణి చెప్పింది. డాక్టరు తల అడ్డంగా ఊపింది. "అంత పులుపుకి పూతకంటే ముందు పేగు పోతుంది. బాగా పలచన చేసి గొట్టంలోంచి కొంచెం కొంచెంగా ఇద్దాం. నోటితో ఒక్క చుక్క పాలు కూడా వద్దు. ఆహారం నరంలోంచే."

ఆ ద్రావణం దయామణే చేసింది. ఆస్పత్రి ప్రయోగశాలలో ఒక బల్ల ఇచ్చారు. ఒక గాజు గిన్నెలో పూత పెచ్చు వేసి, ఎంత పలచనైతే ఎంతసేపటికి కరుగుతుందో చూస్తూ కూర్చునేది. మరీ పలచనైతే అది కరిగినంతా మళ్లీ పెరిగేది. ఇన్నాళ్లు దేన్ని గెలిపించడానికి పనిచేసిందో ఇప్పుడు దాన్ని ఓడించాలి. అది మొండిగా పనిచేస్తోంది, తను కోరినట్టే.

వార్డులో లీల పాప మంచం పక్కనే ఉండేది. ఎస్తేరు ఏడుపు మానేసింది. ఆకలేస్తే పెదాలు మాత్రం చప్పరించేది. లీల చనుబాలు గిన్నెలో పిండి పారబోసుకోవడం దయామణి ఒకసారి చూసింది. ఆ తర్వాత ఆ వేళకు వార్డులోకి వెళ్లేది కాదు.

కొన్నాళ్లకు పూత అక్కడక్కడా పెచ్చులుగా లేచింది. దయామణికి ఆశ కలిగింది. డాక్టరు కెమెరాలో చూసి, దయామణిని బయటికి పిలిచింది.

"లేచినచోట కింద గోడ లేదమ్మా. నెత్తురొస్తోంది. అది పేగు మీద లేదు, పేగులో కలిసిపోయింది."

శామ్యూల్ డ్యూటీ నుంచి వచ్చిన మధ్యాహ్నం పాప పోయింది. అతని చూపుడువేలు పట్టుకునే ఉంది. నర్సు గొట్టాలు తీస్తుంటే డేవిడ్ రాజు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఏం జరిగిందో లీలకు అప్పటికే తెలుసు. కాని ఆ సంగతి అక్కతో ఎప్పుడూ ఎత్తలేదు. ఇప్పుడు పాపను గుడ్డలో చుట్టుకుంటూ, దయామణి వైపు చూడకుండా అంది.

"దీనికి స్నానం చేయించాలి. మీ ఇంటి నీళ్లు వద్దు."

పాపతో ఇంటికి చేరగానే శామ్యూల్ బకెట్ తీసుకుని రోడ్డు మీది మునిసిపల్ పంపు దగ్గరికి వెళ్లాడు.

*

డేవిడ్ రాజు గునపంతో తమ ఇంటి సింకు, బేసిను, ట్యాంకు తనే పగలగొట్టాడు. ఆ ఇల్లు ఖాళీచేసి వేరే వీధిలో అద్దెకు దిగారు. నరహరి దయామణిని ఉద్యోగంలోంచి తీసేశారు, ప్రదర్శనలో దుకాణం ఎత్తేశారు, కొత్త అమ్మకాలు ఆపేశారు. కాని అప్పటికే పంపినవాటి గురించి మాట్లాడలేదు. ఉద్యోగం పోయిన ఉక్రోషంతో ఒక కెమిస్టు పుకార్లు పుట్టిస్తోందని ఆయన మనుషులు అడిగినవాళ్లకు చెప్పారు. ప్రభుత్వం నమూనాలు తీసుకుంది. ఫలితం వస్తుందన్నారు.

ప్రదర్శనకు ముందు డీలర్ల ద్వారా కొన్ని ఊళ్లలో ఇళ్లకు అక్షత పెట్టి చూశారు. నీళ్లు పరీక్షించడానికి అప్పట్లో ఆ ఇళ్లన్నీ తిరిగింది దయామణే. ఇప్పుడు మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. సంచిలో సుత్తి ఉండేది. కొందరు విని పగలగొట్టనిచ్చారు. కొందరు కొత్తది ఎవరిస్తారని అడిగారు. తెనాలిలో ఒకాయన పోలీసుల్ని పిలిచాడు.

హనుమకొండలో తలుపు తీసినావిడ చంకలో బాబు ఉన్నాడు. దయామణి మంచినీళ్లయినా తాగకుండా అంతా చెప్పింది. సున్నం గురించి, పులుపు గురించి, పూత ఎలా పెరుగుతుందో దాని గురించి. ఆవిడ సగంలో ఆపింది.

"మా ఆయన కంపెనీకి ఫోన్ జేసిండు. మిమ్మల్ని నౌకరిల కెల్లి తీసేసిన్రట కద. మా బాబు మంచిగనే ఉన్నడు. మీరు పోండ్రి."

తలుపు మూసుకుంది. బాబు చేతి మణికట్టు ఎంత సన్నగా ఉందో దయామణి చూసింది.

అక్కడికి కాజీపేట ఎంతో దూరం లేదు. పాప పోయినప్పటినుంచి లీల ఫోన్ ఎత్తలేదు. అయినా దయామణి ఆటో ఎక్కి రైల్వే క్వార్టర్సుకు వెళ్లింది. ఇంకెక్కడికి వెళ్లాలో తోచలేదు. శామ్యూల్ తలుపు తీసి, ఒక క్షణం తటపటాయించి, "రండి వదినా" అన్నాడు.

లీల బియ్యం ఏరుతోంది. తలెత్తలేదు. దయామణి కుర్చీలో అంచున కూర్చుంది. శామ్యూల్ ఎందుకొచ్చారని అడిగితే, ఆ ఇంటి సంగతి అతనికి చెప్పింది. లీల చేతులు బియ్యంలో ఆగాయి.

"ఆ బిడ్డకి పోతపాలు పడుతున్నారా?" అని లీల అడిగింది. ఇన్ని నెలల్లో అక్కతో అదే మొదటి మాట.

"అడగనివ్వలేదు. చిక్కిపోయి ఉన్నాడు."

లీల చేట పక్కన పెట్టి చెప్పులు వేసుకుంది. దయామణి లేచి ఏదో అనబోతే ఆపింది.

"నీ మీద కోపం పోయి రావట్లేదు. అది పోదు. ఇల్లు చూపించు."

ఆ ఇంటావిడ మళ్లీ దయామణిని చూసి తలుపు వేయబోయింది. లీల తలుపు మీద చెయ్యి వేసింది. సున్నం గురించి గాని పూత గురించి గాని ఒక్క మాట చెప్పలేదు.

"ఎన్నో నెలండీ బాబుకి?"

"మూడో నెల."

"మా పాపకి మూడో నెల రాలేదు" అంది లీల. "పాలు తాగాక కూడా ఆకలని ఏడ్చేది. మీవాడు ఏడుస్తాడా?"

ఆవిడ బాబు ముఖం వైపు చూసింది, తర్వాత లీల ముఖం వైపు.

"నాలుగు దినాల సంది" అంది చివరికి, గొంతు తగ్గించి. "పండ్లొచ్చే ముందు అట్లనే ఉంటరని మా అత్తమ్మ అన్నది."

ఆవిడ తలుపు పూర్తిగా తీసింది. దయామణి సంచి పట్టుకుని లోపలికి, వంటింట్లోకి వెళ్లింది. "ఇప్పుడే ఆస్పత్రికి వెళ్దాం. తొందరగా తెలిస్తే కడుపు కడగొచ్చని మా డాక్టరమ్మ చెప్పింది. మీరు బట్టలు సర్దుకోండి, వీణ్ణి నేను ఎత్తుకుంటాను" అని లీల చేతులు చాచింది.

ఆవిడ కాసేపు తటపటాయించి బాబును ఇచ్చింది. లీల వాణ్ణి అలవాటుగా భుజాన వేసుకుని, వంటింటికి వీపు తిప్పి, వసారా మెట్టు మీద కూర్చుంది. లోపల మొదటి దెబ్బ పడేలోపే తన అరచేతితో వాడి చెవి మూసింది.